గొలుసు రంపమునకు పదును పెట్టుట

తూర్పు సముద్రతీరమున నివసించు తెలుగువారికి తుపాను క్రొత్తది కాదు. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను యానామును, గోదావరి డెల్టాలోని కొబ్బరితోటలను అతలాకుతలము చేసినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు చెట్లను నేలకొరగించినది. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానమును, ఒడిశాలో తెలుగువారు తరతరములుగా నివసించుచున్న గంజాము, గజపతి జిల్లాలను ఒక్క దెబ్బతో తాకినది. అదే సంవత్సరము నవంబరు 16వ తేదీన గజ తుపాను తమిళనాడులోని నాగపట్టణము, తంజావూరు ప్రాంతముల కొబ్బరితోటలను పాడు చేసినది. గాలి తగ్గిన మరునాడు ఇట్టి ఊళ్ళలో మొదట వినవచ్చు చప్పుడు, త్రోవలకు అడ్డముగా పడిన మ్రాకులను కోయు గొలుసు రంపముల రొద.

ఆ రొద కొంతసేపటికి మారును. రంపము అరచుచుండును గాని కోత ముందుకు సాగదు. దానిని పట్టినవాడు బలముకొలది నొక్కును. దుంగనుండి పొగ లేచును. యంత్రము చెడిపోయినదని కొందరు, చెట్టు మిక్కిలి చేవదేరినదని కొందరు తలంతురు. పెక్కుమారులు రెండును కారణములు కావు. గొలుసు పళ్ళు మొక్కవోయినవి, అంతియే. ఒక ఆకురాయి, పది నిమిషముల ఓపిక ఉన్నచో ఆ రంపము మరల వెన్నను కోసినట్లు కోయును. అయితే ఆ పది నిమిషముల పని క్రమము తెలిసి చేయవలెను. తెలియక చేసినచో పదును రాకపోవుటయే గాక, రంపము ప్రాణాపాయకరమగును.

గొలుసు పన్ను పుట్టిన విధము

పూర్వము పెద్ద దూలములను కోయునపుడు పైన నొకడు, క్రింద నొకడు నిలిచి పొడవైన రంపమును లాగెడివారు. ఆ రంపపు పళ్ళు చిన్న చిన్న కత్తిమొనల వంటివి. అవి కొయ్య నారలను గీరి, తెంపి, పొట్టు చేయును. రంపము కోతలో బిగిసికొనకుండ వడ్రంగులు పళ్ళను ఒకదానిని ఎడమకును, వేరొకదానిని కుడికిని కొద్దిగా వంచుదురు. దీనివలన కోతదారి రంపపు రేకుకంటె వెడల్పగును.

యంత్రముతో నడచు గొలుసు రంపమును 1926లో జర్మనీ దేశస్థుడగు ఆంద్రియాస్ స్టిల్ విద్యుచ్ఛక్తితో నడచునట్లు నిర్మించెను. 1929లో పెట్రోలుతో నడచు రంపమును తెచ్చెను. అవి ఇద్దరు మనుష్యులు పట్టవలసినంత బరువైనవి. ఆనాటి గొలుసులకును చేతిరంపపు పళ్ళవంటి గీరుడు పళ్ళే యుండెడివి. అవి త్వరగా మొద్దుబారెడివి. వానిని సరిచేయుట మిక్కిలి శ్రమతో గూడిన పని.

ఈ చిక్కును విడదీసినది ఒక పురుగు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున కొయ్యకోత పనిలోనుండిన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ 1946లో ఒక చెట్టు మొద్దును తొలుచుచున్న పెంకుపురుగు డింభకమును పరికించి చూచెను. ఆ పురుగు నార వెంబడిని, నారకు అడ్డముగాను సమాన సౌలభ్యముతో తొలుచుచుండెను. దాని రెండు దవడలు వంకర కొడవళ్ళవలె నుండి, ఎడమకును కుడికిని ఆడుచు కొయ్యను చెక్కుచుండెను. కాక్స్ ఆ దవడల రూపమునే ఉక్కులో దించి, 1947లో తన ఇంటి క్రింది గదిలోనే గొలుసులు తయారుచేసి విక్రయింప నారంభించెను. నేడు లోకమున వాడుకలోనున్న గొలుసులలో అత్యధికభాగము ఆ నమూనాకు సంతతియే. ఈ పన్ను గీరదు, చెక్కును. పదును పెట్టు విధానమంతయు ఈ ఒక్క భేదముపై ఆధారపడి యున్నది.

పన్ను నిర్మాణము

గొలుసులోని ప్రతి కోతపన్నునకు రెండు భాగములు గలవు. వెనుకభాగమున కొయ్యను కోయు అంచు గలదు. ఇది మడిచిన రేకువలె నుండును. పైన నొక పలక, ప్రక్కన నొక పలక. ఆ రెండును కలిసికొను మూలయే పన్నునకు ప్రాణము. మొదట కొయ్యలో దిగి నారను తెంపునది ఆ మూలయే. ప్రక్కపలక కోతదారి గోడను తీర్చును. పైపలక అడుగుననున్న కొయ్యను పెచ్చుగా లేపును.

ముందుభాగమున ఎద్దు మూపురమువంటి చిన్న ఎత్తు గలదు. దుకాణములలో దీనిని డెప్త్ గేజ్ అందురు. ఇది కోయదు. పన్ను కొయ్యలో ఎంత లోతునకు దిగవలయునో నిర్ణయించుటయే దీని పని. వడ్రంగి చిత్రికను ఎరిగినవారికి ఇది సుబోధము. చిత్రిక అడుగునుండి ఉలి ఎంత బయటకు వచ్చియున్న అంత మందమైన పెళ్ళ లేచును. ఉలిని లోనికి లాగినచో చిత్రిక ఊరక జారును. మరీ బయటకు దించినచో కొయ్యలో గ్రుచ్చుకొని ఆగిపోవును. గొలుసులో పన్ను ఉలివంటిది; మూపురము చిత్రిక అడుగువంటిది. సాధారణముగా మూపురము పన్ను అంచుకంటె 0.65 మిల్లీమీటరు, అనగా అంగుళములో వేయింట 25 వంతులు, తగ్గుగా నుండవలెను.

పళ్ళు ఒకటి ఎడమవైపునకు, ఒకటి కుడివైపునకు తిరిగి యుండును. 3/8 అంగుళపు పిచ్ గలిగి, బారు గాడిలో నడచు 60 లింకులు గల గొలుసునందు 30 పళ్ళుండును. ఎడమవి 15, కుడివి 15. గొలుసు సెకనునకు సుమారు 20 మీటర్ల వేగముతో పరుగెత్తునపుడు, ఒక్క సెకనులో 500కు పైగా పళ్ళు కొయ్యను దాటిపోవును. ఇంత వేగమున ఒక్క పన్ను అంచు వెండ్రుకవాసి చెడినను ఆ చెడుగు కోతలో కనబడకపోదు.

మొద్దుబారిన గుర్తులు

పదునుగల గొలుసు కొయ్యను పెచ్చులు పెచ్చులుగా విసరును. మొద్దుబారిన గొలుసు పిండివంటి పొట్టును రాల్చును. పదునుగల గొలుసు తనంతట తానే కొయ్యలోనికి లాగికొనును. మొద్దుబారినదానిని నొక్కవలసి వచ్చును. గొలుసునకు నూనె సరిగా నందుచున్నను కోతలో పొగ లేచినచో, పదును పోయినదనుటకు అది సాక్ష్యము. కోత తిన్నగా పోక ఒకవైపునకు వంకరపోయినచో, ఎడమ పళ్ళకును కుడి పళ్ళకును పదునులోగాని పొడవులోగాని తేడా వచ్చినదని గ్రహింపవలెను.

కొయ్య పదునును మెల్లగా తగ్గించును. మట్టి, ఇసుక, రాయి, మేకు క్షణములో పోగొట్టును. తుపానులో కూలిన చెట్ల బెరడులో ఇసుక చిక్కుకొని యుండును. వీధి చెట్లలో పాత మేకులు, తీగలు ఉండును. నేలపై పడిన దుంగను అడుగుదాక కోయునపుడు గొలుసు నేలను ఒక్కసారి తాకిన చాలును, పళ్ళన్నియు ఏకకాలమున చెడిపోవును. కావున దుంగక్రింద కట్టెముక్కలు పెట్టి కోయుటయు, బెరడుపైని బురదను గొడ్డలితో గీరివేయుటయు పదునును కాపాడుటలో మొదటి మెట్లు.

కావలసిన పనిముట్లు

ముఖ్యమైనది గుండ్రని ఆకురాయి. దీనిని తమిళమున అరమనియు, కన్నడమున అర యనియు పిలుతురు. ఆ రాష్ట్రములలోని తెలుగువారు దుకాణములో ఆ పేర్లతో అడిగినను దొరకును. కాని కొలత తప్పరాదు. చిన్న యంత్రముల లోప్రొఫైల్ 3/8 గొలుసునకు సాధారణముగా 4 మిల్లీమీటర్ల ఆకురాయియు, 0.325 అంగుళపు గొలుసునకు 4.8 మిల్లీమీటర్లదియు, పెద్ద 3/8 గొలుసునకు తయారీదారు చెప్పినట్లు 5.2 లేక 5.5 మిల్లీమీటర్లదియు, 0.404 గొలుసునకు 5.5 మిల్లీమీటర్లదియు వాడుదురు. ఆకురాయి సన్నమైనచో పన్ను అడుగును తినివేసి అంచును సన్నని కొక్కెమువలె చేయును. అట్టి అంచు మొదట మిక్కిలి వాడిగా తోచి, కొలది కోతలలోనే విరిగిపోవును. లావైనచో అంచు నిలువుగా నిలిచి కొయ్యలో దిగదు.

దీనికి తోడు మూపురములకు చదునైన ఆకురాయి యొకటి, మూపురపు ఎత్తును కొలుచు రేకు యొకటి, ఇనుపతీగల కుంచె యొకటి, సుద్దముక్క యొకటి, మందమైన చేతితొడుగులు ఉండవలెను. ఆకురాయికి పిడి తప్పక బిగింపవలెను. పిడి లేనిచో కోణము నిలువదు. చేయి జారినచో దాని తోక అరచేతిలో దిగును.

పదును పెట్టు క్రమము

మొదట యంత్రమును ఆపి చల్లారనీయవలెను. స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీయవలెను. బారును పట్టుకారులో బిగింపవలెను. తోటలో పట్టుకారు ఉండదు గావున మొద్దుపై రంపముతో కొద్ది లోతున గాడి కోసి, యంత్రమును ఆపిన పిమ్మట బారును ఆ గాడిలో నిలిపినను చాలును. గొలుసు వదులుగా నున్న పన్ను ఆకురాయి క్రింద వాలును. కావున దానిని కొంచెము బిగించుకొనవలెను. పళ్ళకంటిన జిగురును, నూనెను తుడిచివేయవలెను.

పిమ్మట పళ్ళన్నిటిని చూచి, అన్నిటికంటె పొట్టిదైన పన్నును, అన్నిటికంటె ఎక్కువ చెడినదానిని గుర్తించి సుద్దతో గీత గీయవలెను. పని అక్కడనే ఆరంభించి, మిగిలినవానిని ఆ కొలతకు తేవలెను. ఇంటిలో పెద్దవానిని చూచి చిన్నవారు నేర్చుకొందురు. గొలుసులో మాత్రము పొట్టిదానిని చూచి పొడవైనవి తగ్గవలెను.

ఆకురాయిని పన్ను లోపలివైపునుండి వెలుపలికి త్రోయవలెను. త్రోయునపుడు మాత్రమే నొక్కవలెను. వెనుకకు తీయునపుడు పైకెత్తవలెను. వెనుకకు లాగుచు రుద్దినచో ఆకురాయి గరుకుపోవును. పన్ను అంచు మెరుగుపడదు. ఆకురాయి లావులో అయిదవ వంతు పైపలకకు పైన కనబడునట్లు పట్టవలెను. అప్పుడే అంచు సరియైన వాలుతో వచ్చును. బారునకు అడ్డముగా గీచిన గీతనుండి ఆకురాయి సాధారణముగా 30 డిగ్రీలు ప్రక్కకు తిరిగియుండవలెను. పెక్కు గొలుసుల పైపలకపై ఈ కోణమును చూపు గీత తయారీలోనే ఉండును; దానికి సమముగా ఆకురాయిని నడిపిన చాలును. దుంగను నిలువునా చీల్చి పలకలు తీయుటకు వాడు ప్రత్యేకమగు గొలుసులకు మాత్రము కోణము 10 డిగ్రీల మేరకు తగ్గించి పెట్టుదురు.

ఒక్కొక్క పన్నునకు రెండు లేక మూడు త్రోపులు చాలును. ఒకవైపు పళ్ళన్నిటిని, ఒకటి విడిచి ఒకటిగా, పూర్తిచేసిన తరువాతనే రెండవవైపునకు మారవలెను. ప్రతి పన్నునకును త్రోపుల సంఖ్య సమానముగా నుండవలెను. సాధారణముగా మనుష్యులకు ఒక చేయి రెండవదానికంటె బలమైనది. అందుచే ఒకవైపు పళ్ళు ఎక్కువ అరుగును, కోత వంకరపోవును. బలహీనమైన చేతివైపు ఒక త్రోపు అదనముగా వేయుట అనుభవజ్ఞుల వాడుక. ఆకురాయిని నడుమ నడుమ కొంచెము త్రిప్పుచు, కుంచెతో రజనును దులుపుచుండవలెను. ఆకురాయికి నూనె పూయరాదు. నూనె తగిలిన ఆకురాయి జారును, కొరుకదు.

పదును వచ్చినదో లేదో వ్రేలితో తడిమి చూచుట తప్పు, కంటితోనే చూడవలెను. వెలుతురులో అంచును చూచినపుడు సన్నని తెల్లని మెరుపుగీత కనబడినచో అంచు ఇంకను మొద్దుగనే యున్నది. నిజముగా పదునెక్కిన అంచు వెలుతురును తిరిగి పంపదు. పన్ను వెలుపలి తలమున పలుచని క్రోమియపు పూత గలదు. కోయు కాఠిన్యము దానిదే. ఇసుకకు ఆ పూత అంచున ఊడిపోయినచో, చెడని పూత అంచునకు వచ్చువరకు వెనుకకు అరుగదీయవలెను. సగములో ఆపినచో ఆ పదును ఒక్క దుంగకైనను నిలువదు.

మూపురపు సంగతి

అనేకులు పొరపడునది ఇక్కడనే. పైపలక వెనుకకు పోవుకొలది కొంచెము క్రిందికి వాలియుండును. అందువలన పన్నును అరుగదీయుకొలది అంచు ఎత్తు తగ్గును. మూపురము మాత్రము అట్లే నిలిచియుండును. కొన్నాళ్ళకు రెండింటి ఎత్తు దాదాపు సమానమై, పన్ను ఎంత వాడిగా నున్నను కొయ్యను అందుకొనలేదు. పదును పెట్టినను రంపము కోయుట లేదను ఫిర్యాదునకు చాలవరకు మూలము ఇదియే. కావున మూడు నాలుగు మారులు పదును పెట్టినపుడెల్ల ఒకమారు కొలతరేకును పళ్ళపై నుంచి, రేకు సందునుండి పైకి పొడుచుకొని వచ్చిన మూపురపు భాగమును చదునైన ఆకురాయితో తీసివేసి, దాని ముందుమూలను మరల గుండ్రముగా తీర్చవలెను.

ఇందులో అత్యాశ పనికిరాదు. మూపురము తగ్గినకొలది కోత వేగమగునని తలచి, కొలత లేకుండ తెగ అరుగదీయువారు గలరు. అప్పుడు ప్రతి పన్ను తన శక్తికి మించిన లోతునకు దిగి కొయ్యలో చిక్కుకొనును. యంత్రము అదరును, బారు కొన పైభాగము కొయ్యకు తగిలినచో రంపమంతయు రెప్పపాటులో వెనుకకు, పైకి, మనిషి ముఖమువైపునకు తన్నును. గొలుసు రంపముల వలన కలుగు ఘోరప్రమాదములలో ఈ వెనుకతన్ను ముఖ్యమైనది. చెక్కిన పదును కంటికి కనబడును. తప్పిన మూపురము కంటికి కనబడదు. కొలతరేకు లేకుండ మూపురమును ముట్టరాదని చెప్పుట అందువలననే.

సానయంత్రమా, చేతి పనియా?

దుకాణములలో విద్యుత్ సానయంత్రముపై గొలుసును కొలది నిమిషములలో సానబట్టి యిత్తురు. రాయి తగిలి పళ్ళు పెచ్చులూడిన గొలుసునకును, పళ్ళ పొడవులలో పెద్ద తేడాలు వచ్చినదానికిని అది తగిన మార్గమే. కాని తొందరలో సానరాయిని పన్నుపై ఎక్కువసేపు నొక్కినచో ఉక్కు కాగి నీలిరంగు తిరుగును. అట్టి పన్ను తన పాకము కోల్పోవును. దాని కాఠిన్యము తారుమారై అంచు నిలువదు, ఒక్కొక్కప్పుడు ఆకురాయికైనను లొంగదు. పైగా యంత్రము ప్రతిమారును అవసరమునకు మించిన ఉక్కును తినివేయుట కద్దు. పన్ను పొడవు 4 మిల్లీమీటర్లకు తగ్గినపుడు గొలుసును పారవేయవలసినదే గనుక, వ్యర్థముగా పోయిన ప్రతి రవ్వయు గొలుసు ఆయువులో తగ్గుదలయే.

చేతిపని లాభము ఇక్కడ తెలియును. పెట్రోలు నింపుకొనుటకు ఆగినపుడు గొలుసును ఒకమారు చూచి, ఒక్కొక్క పన్నునకు రెండు మూడు త్రోపులు వేసినచో, 30 పళ్ళకు మొత్తము 60 నుండి 90 త్రోపులు. అలవాటుపడిన చేతికి అది పది నిమిషముల పని. పూర్తిగా మొద్దుబారువరకు నడిపి, ఆపై పదును పెట్టబూనినచో, త్రోపులు అనేక రెట్లు పెరుగును. ఉక్కు ఎక్కువ పోవును. ఆలోపల నూనె, పెట్రోలు, బారు, క్లచ్చి అన్నియు నష్టపడును. మొద్దుబారిన రంపపు అదురును గంటలకొలది భరించిన చేతులకు తిమ్మిరి యెక్కును. సంవత్సరములకొలది అట్లు పనిచేసినవారికి వ్రేళ్ళు తెల్లబారి స్పర్శ తగ్గు వ్యాధియు కలుగును. తరచుగా కొంచెము, అన్నిటికిని సమానముగా: శ్రమ తగ్గించుకొను ఉపాయమంతయు ఈ రెండు మాటలలో నున్నది.

పెద్ద పని ఉన్నచోట రెండు మూడు గొలుసులను ఒకే బారుపై మార్చి మార్చి వాడుట మేలు. ఒకటి చెడినపుడు పదునుగలదానిని ఎక్కించి, సాయంకాలము నీడలో కూర్చుండి అన్నిటికిని నిదానముగా పదును పెట్టవచ్చును. అట్లు చేయుటవలన అలసట కన్నును, తొందర చేతిని చెరుపకుండును.

సరుగుడుతోటలు, జామాయిలుతోటలు, కొబ్బరితోటలు గల తీరగ్రామములలో నేడు గొలుసు రంపము అరుదైన వస్తువు కాదు. అద్దెకైనను దొరకును. కాని పదును పెట్టుట తెలిసిన చేయి అద్దెకు దొరకదు. తుపాను వచ్చిననాడు దుకాణములు తెరువబడవు, విద్యుత్తు ఉండదు, సానయంత్రము తిరుగదు. చెట్టుక్రింద ఇరుకుకొన్న పశువును, తలుపునకు అడ్డముగా పడిన మ్రానువెనుక నున్న రోగిని బయటకు తెచ్చుట ఆనాడు ఊరిలోని రంపమువలననే జరుగవలెను. కావున ప్రతి గ్రామమున ఒకరిద్దరు యువకులు వేసవి తీరికలో, పాత గొలుసుపైననే, ఈ పనిని అభ్యసించి యుండుట మంచిది. నాలుగైదు మారులు చేసినచో చేతికి కోణము అలవడును. రంపముతోపాటు రెండు గుండ్రని ఆకురాళ్ళు, ఒక చదునుది, ఒక కొలతరేకు గుడ్డలో చుట్టి తడి తగులకుండ భద్రపరచి యుంచినచో, అవసరమైననాడు వెదుకులాట ఉండదు.